బాపు చేసిన ఏసీ పని

మాది మెండోర. నిజామాబాద్ జిల్లాలో, పోచంపాడు పక్కన. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. ఉన్న 42 గేట్లలో ఇవాళ ఎన్ని ఎత్తారో లెక్కపెట్టుకోవడమే చిన్నప్పుడు మాకు పెద్ద టూరిజం.

అలాంటి ఊళ్లో మంచు అంటే మాకు తెలిసినవి రెండే. ఒకటి, డిసెంబర్‌లో తెల్లారగట్ల ప్రాజెక్టు నీళ్ల మీంచి లేచి పసుపు చేన్లను కప్పేసే పొగమంచు. ఆ టైంలో వాకిట్లో ఎండిన మక్కబెండ్లు వేసి చలిమంట కాచుకుంటాం. రెండోది రాళ్ల వాన. ఎండాకాలం ముందు, ఎర్రజొన్న కంకి మీదున్నప్పుడు వస్తుంది. మేం పిల్లలం స్టీలు గ్లాసులు పట్టుకుని వాకిట్లోకి ఉరికి, రాళ్లు ఏరుకుని చప్పరించేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం అరుగు మీద నిలబడి, ఏం మాట్లాడకుండా చేను దిక్కు చూసేవాళ్లు. పిల్లలకు అది ఉచితంగా దొరికిన ఐస్, పెద్దలకు పోయిన పంట.

ఒకే ఐస్ ఒకే ఇంట్లో ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉంటుందని నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. 28 ఏళ్లొచ్చాక, హైదరాబాద్‌లో లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు మీదున్న స్నో వరల్డ్‌లో అర్థమైంది.

మా వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడకట్టు ఉండదు. బాపు 2004లో దుబాయ్ పోయాడు. అప్పుడు నాకు ఏడేళ్లు, అక్కకు పదకొండు. రెండెకరాల పొలం, పడని బోర్ల అప్పు, దాని మీద ఏజెంటుకు కట్టడానికి చేసిన ఇంకో అప్పు. రెండేళ్లకోసారి వచ్చి రెండు నెలలుండి వెళ్లేవాడు. వచ్చినప్పుడల్లా నీడో పాలపొడి, టాంగ్ డబ్బా, టైగర్ బామ్, ఇద్దరు మోస్తే గాని లేవని ఒక పెద్ద దుప్పటి తెచ్చేవాడు. మేం ఆ దుప్పట్లో దూరి బాపు మీద పడుకునేవాళ్లం.

మా వాడలో మిగతా పిల్లల తండ్రులు దుబాయ్‌లో బిల్డింగుల మీద, ఎండలో పనిచేసేవాళ్లు. మా బాపు మాత్రం ఏసీలో! పోయిన నెల రోజులకు ఫోన్ చేసి అమ్మకు ఆయనే చెప్పాడు. "నా గురించి రంది పెట్టుకోకు. ఏసీల పని దొరికింది." అమ్మ ఆ మాట వాడకట్టంతా చెప్పుకుంది. నేను బడంతా చెప్పుకున్నా. "మీ నాన్న ఏం పని చేస్తడురా?" అని సారు అడిగితే "ఏసీ పని సార్" అన్నాను. ఏసీ రిపేర్లు చేస్తాడని సారు అనుకున్నాడు. నేను సరిచేయలేదు. ఎందుకంటే ఏసీలో ఏం చేస్తాడో నాక్కూడా తెలియదు. కుర్చీ, టేబులు, ఒక కంప్యూటర్ ఊహించుకున్నా. నేను సాఫ్ట్‌వేర్ వైపు రావడానికి ఆ ఊహ కూడా ఒక కారణమే.

2019లో నా బీటెక్ అయిపోయి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే బాపు పూర్తిగా ఇంటికి వచ్చేశాడు. పదిహేనేళ్ల తర్వాత.

వచ్చాక కొన్ని అలవాట్లు వింతగా అనిపించేవి. ఎండాకాలంలో కూడా రాత్రి సాక్సులు వేసుకుని పడుకునేవాడు. ఫ్రిజ్ నీళ్లు ముట్టడు. పెళ్లిళ్లలో ఐస్‌క్రీమ్ కప్పు చేతికిస్తే పక్కనున్న పిల్లలకు ఇచ్చేస్తాడు. చాయ్ గ్లాసును రెండు చేతులతో చుట్టి, చల్లారేదాకా అట్లాగే పట్టుకుంటాడు. వేళ్ల కణుపులు ఉబ్బి ఉంటాయి. అడిగితే "వయసు రా" అనేవాడు. వయసంటే యాభై దాటి రెండేళ్లు.

2022లో బోనస్ వస్తే మెండోర ఇంటికి ఏసీ కొన్నా. మే నెలలో మా దగ్గర ఎండ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఏసీ బిగించిన నాడు బాపు కాసేపు దాని కింద నిలబడి, "ఎందుకురా గిది" అని బయటకు పోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఊరికి పోయినా ఏసీ బంద్. రిమోట్ దేవుడి పటం వెనక. బాపుకు ఇష్టం లేదు కదా అని అమ్మ కూడా వేసేది కాదు. కరెంటు బిల్లుకు భయపడుతున్నాడని నేననుకున్నా. బిల్లు నేనే కడతానన్నా. అయినా వేయలేదు.

ఆ మరుసటి మే నెలలో ఒక రాత్రి నాకు కోపం వచ్చింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో తిరుగుతుంది.

"పదిహేనేండ్లు నువ్వు ఏసీల ఉండి వచ్చినవ్. అమ్మ గా ఎండల పసుపు తవ్వింది. ఇప్పుడన్నా ఆమెను చల్లగ పండుకోనియ్యవా?"

బాపు ఏం అనలేదు. మంచం ఎత్తుకుని వాకిట్లోకి పోయాడు. ఆయన దగ్గర జవాబు లేదనుకున్నా.

స్నో వరల్డ్ ముచ్చట మా మేనకోడలితో మొదలైంది. అక్కవాళ్లు నిజామాబాద్ టౌన్లో ఉంటారు. ఎనిమిదేళ్ల బుజ్జి అక్కడ రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. 2025 జనవరిలో లేహ్‌లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరిగినప్పుడు, మన తెలంగాణ అమ్మాయి నయన శ్రీ తాళ్లూరి ఐస్ మీద షార్ట్ ట్రాక్ స్కేటింగ్‌లో స్వర్ణం గెలిచింది. ఆ వీడియో ఎవరో బుజ్జికి చూపించారు. ఇక అప్పటినుంచి ఒకటే పాట. "మామా, నేను కూడా ఐస్ మీద ఆడాలె."

నేను వెతికాను. దేశంలో ఐస్ స్కేటింగ్‌కు పాత చిరునామా సిమ్లా. 1920 నుంచి అక్కడ చలికాలంలో నీళ్లు పోసి, రాత్రి చలికి గడ్డకట్టించి, పొద్దున స్కేటింగ్ చేస్తున్నారు. డెహ్రాడూన్‌లో 2011లో సౌత్ ఏషియన్ వింటర్ గేమ్స్ కోసం పెద్ద ఇండోర్ రింకు కట్టారు. రెండూ మాకు దూరమే. దగ్గర్లో ఉన్నది స్నో వరల్డ్. అది మొదలైంది 2004లో. అంటే బాపు దుబాయ్ పోయిన ఏడే. ఇన్నేళ్లు హైదరాబాద్‌లో ఉండి నేను కూడా అటు పోలేదు.

పోయిన డిసెంబర్ సెలవుల్లో అందర్నీ రమ్మన్నా. అమ్మ, బాపు, అక్క, బావ, బుజ్జి, దాని తమ్ముడు ఐదేళ్ల చింటూ. బాపు రానన్నాడు. "చూసుడేముంది రా. మంచే గదా." అన్నాడు. బుజ్జి చెయ్యి పట్టుకుని "తాతా, నువ్వు రాకపోతే నేను పోను" అనేసరికి బయల్దేరాడు. రెండు వందల కిలోమీటర్లు బస్సులో వచ్చి జేబీఎస్‌లో దిగారు.

టికెట్లు తీసుకున్నాక లోపలికి పోయేముందు జాకెట్లు, గ్లవ్స్, బూట్లు ఇస్తారు. అక్కడ మొదటి వింత చూశాను. మేమంతా జాకెట్టులో చెయ్యి ఎటు దూర్చాలో తెలియక నవ్వుకుంటుంటే, బాపు అర నిమిషంలో తయారైపోయాడు. ప్యాంటు అంచుల్ని బూట్ల లోపలికి తోశాడు. గ్లవ్స్ మీదకి జాకెట్ చేతులు లాగాడు. జిప్పును గడ్డం దాకా పెట్టాడు. తర్వాత చింటూ ముందు మోకాళ్ల మీద కూర్చుని, వాడికీ అట్లాగే చేశాడు. అమ్మ చీర కుచ్చిళ్లు తడవకుండా ఎట్లా దోపుకోవాలో చెప్పాడు. ఎవరూ చెప్పకుండానే.

"మస్తు తెలుసే నీకు" అని బావ నవ్వాడు. బాపు కూడా నవ్వాడు, అంతే.

ముందు ఒక చల్లటి గదిలో కాసేపు ఉంచి, తర్వాత అసలు హాల్లోకి వదులుతారు. లోపల తెల్లటి మంచు, జారుడు బల్లలు, పైన రంగు లైట్లు, పాటలు, పిల్లల అరుపులు. అమ్మ "అయ్యో రామా" అని మంచును ముట్టుకుని వెనక్కి లాక్కుంది. రెండో నిమిషంలో ఒక ఉండ చేసి బావ మీద విసిరింది. మా అమ్మ అట్లా నవ్వడం నేను చూసి చాలా ఏళ్లైంది.

బుజ్జి బూట్లతోనే స్కేటింగ్ మొదలుపెట్టి రెండుసార్లు పడింది. లేచి, "మామా, ఐస్ మీద ఎందుకు జారుతం?" అని అడిగింది. ఇంజినీర్ని కదా, దొరికిన అవకాశం వదలను. ఐస్ పైపొరలోని అణువులు లోపలి వాటంత గట్టిగా పట్టుకుని ఉండవని, నీటి పొరలా వదులుగా కదులుతుంటాయని, మైకేల్ ఫారడే అనే ఆయన 1850లోనే ఇలాంటి మాట చెప్పాడని మొదలుపెట్టా. బాపు పక్కనుంచి మెల్లగా అన్నాడు.

"మరీ సల్లగ ఉంటే అంతగ జారది బిడ్డా. తలుపు దగ్గర ఉంటది సూడు, గాడ జారుతది. పైలం."

తర్వాత చదివితే, అది నిజమే. మైనస్ 7 డిగ్రీల దగ్గర ఐస్ బాగా జారుతుందట. అక్కణ్నుంచి చల్లబడే కొద్దీ పైపొర కదలిక తగ్గి, జారుడు కూడా తగ్గుతుంది. కానీ ఆ క్షణంలో నాకు తట్టింది ఒక్కటే. ఈ సంగతి మా బాపుకు ఎట్లా తెలుసు?

అడిగేలోపే చింటూ ఏడుపు వినిపించింది. మంచు ఉండలు సరిగా రావట్లేదని వాడు గ్లవ్స్ తీసేసి ఆడుతున్నాడు. చేతివేళ్లు పాలిపోయాయి. సూదులతో గుచ్చినట్టుందని ఏడుస్తున్నాడు. అక్క వాడి చేతులు పట్టుకుని గబగబా రుద్దబోయింది.

"రుద్దకు!"

బాపు గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. వచ్చి, తన జాకెట్ జిప్పు తీసి, చింటూ చేతులు రెండూ తన చంకల్లో పెట్టుకుని జిప్పు మూసేశాడు. వాణ్ని అట్లాగే ఎత్తుకుని బయటి గదిలోకి నడిచాడు. మేం వెనకాలే పోయాం. "రుద్దితె తోలు పోతది. ఒంటి వేడి సాలు. లెక్కవెట్టు రా, వంద దాక" అని చింటూతో లెక్కపెట్టించాడు. అరవై దాటేసరికి వాడి ఏడుపు ఆగింది. తొంభైకి "తాతా, చక్కిలిగిలి" అన్నాడు.

వేళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి. బాపు వాటిని ఒక్కొక్కటే నొక్కి చూశాడు. నొక్కి వదిలితే రంగు ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూస్తున్నాడని నాకప్పుడు తెలియదు.

అమ్మ అడిగింది. "నీకివన్నీ ఎట్ల ఎరుక?"

"పదిహేనేండ్లు గదే పని గదా."

"ఏసీల పని అంటివి గదా!"

బాపు ఒక్క క్షణం ఆగాడు. "ఏసీయే. జెర ఎక్కువ ఏసీ."

బావ పకపకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

బయటకు వచ్చాక ట్యాంక్‌బండ్ మీదకు నడిచాం. పిల్లలు బుద్ధుడి విగ్రహం చూస్తూ మొక్కజొన్న కంకులు తింటున్నారు. బాపు చాయ్ గ్లాసును రెండు చేతులతో చుట్టి పట్టుకుని కూర్చున్నాడు. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. బహుశా అమ్మకు చెబుతున్నాడు. నేను పక్కన ఉన్నానంతే.

అది ఫ్రీజర్ గోదాము. బ్రెజిల్ నుంచి వచ్చే కోళ్లు, బఠాణీలు, చేపలు, ఐస్‌క్రీమ్. అట్టపెట్టెలు దింపడం, పేర్చడం, ఆర్డర్ ప్రకారం తీసి లారీకి ఎక్కించడం. లోపల మైనస్ 18. ముప్పావుగంట లోపల, పావుగంట బయట, మళ్లీ లోపల. పైన పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి కాబట్టి ఆ గాలికి చలి ఇంకా ఎక్కువనిపిస్తుంది. బరువులు మోస్తే జాకెట్ లోపల చెమట పడుతుంది. ఆ చెమటతో ఆగితే చలి ఎముకలు పట్టుకుంటుంది. అందుకే ఆగకూడదు. మీసాల మీద ఊపిరి గడ్డకడుతుంది. తలుపు దగ్గర బయటి తేమ లోపలికొచ్చి ఐస్ పొరలా పేరుకుంటుంది. అక్కడే మనుషులు పడతారు. ఒకసారి బాపు కూడా పడ్డాడు. ఆ ఏడాది సెలవుకు వచ్చినప్పుడు నడుము నొప్పిని మాకు "విమానంల కూసుండి పట్టుకుంది" అని చెప్పాడు.

ఎండాకాలంలో బయట 45 డిగ్రీలు. నేను లెక్కల మనిషిని. ఒక తలుపు దాటితే 63 డిగ్రీల తేడా. రోజుకు ఎన్నిసార్లు? ఏడాదికి ఎన్నిసార్లు? పదిహేనేళ్లకు? మనసులో మొదలుపెట్టి మధ్యలో ఆపేశా.

తర్వాత ఇంకొకటి తెలుసుకున్నా. ఈ మైనస్ 18 అనే అంకె ఎక్కణ్నుంచి వచ్చిందంటే, అది ఫారెన్‌హీట్ కొలతలో దాదాపు సున్నా. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరగవు, తిండి నెలల తరబడి పాడవదు. ప్రపంచమంతా ఫ్రోజెన్ ఆహారానికి అదే ప్రమాణం. కోడి పాడవకుండా ఉండటానికి సరిపోయే చలి అది. మనిషి కోసం పెట్టుకున్నది కాదు.

"ఫోన్ల చెప్పకపోతివి" అంది అమ్మ.

"చెప్తె నువ్వు పండుకుంటుంటివా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హుస్సేన్‌సాగర్ వైపు చూసింది.

కాసేపటికి బాపు తనే నవ్వుతూ ఇంకో ముచ్చట చెప్పాడు. 2005లో దుబాయ్‌లో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ అని పెద్ద మాల్ తెరిచారు. అందులో స్కీ దుబాయ్. ఎడారిలో మంచు కొండ, 400 మీటర్ల జారుడు. అప్పట్లో శుక్రవారం సెలవు. క్యాంపు దోస్తులు నలుగురు కలిసి బస్సెక్కి చూడ్డానికి పోయారు. మాల్‌లోంచి అద్దాల గుండా మంచు కొండ కనిపిస్తుంది, దానికి పైసలక్కర్లేదు. లోపల అరబ్బుల పిల్లలు, తెల్లవాళ్లు మంచులో పొర్లుతున్నారు. సిరిసిల్ల దోస్తు ఒకతను టికెట్ రేటు కనుక్కుని వచ్చి అన్నాడట. "అన్నా, మనకు పైసలిచ్చి లోపలికి పంపిస్తున్నరు. వీళ్లు పైసలు కట్టి పోతున్నరు. మనమే నయం." అద్దం ముందు నిలబడి నలుగురూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారట.

2008లో దుబాయ్ మాల్ తెరిచి, దాంట్లో ఐస్ స్కేటింగ్ రింకు పెడితే అదీ పై అంతస్తు కటకటాల దగ్గర నిలబడి చూశాడట. "బుజ్జి లెక్క ఒక పోరి ఉండె. గిర్రున తిరుగుతుండె. గప్పుడు మన పోరి యాదికొచ్చింది." అన్నాడు. మన పోరి అంటే అక్క. అప్పుడు తనకు పదిహేనేళ్లు. అక్క ఆ మాట విని చింటూ మూతి తుడవడంలో మునిగిపోయింది. వాడి మూతికి ఏమీ అంటలేదు.

నేను ఆ రాత్రి అన్న మాట గురించి చెప్పాలనుకున్నా. "బాపు, ఏసీ గురించి నేను..." అని మొదలుపెట్టా. ఆయన చాయ్ తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వన్నదాంట్ల తప్పేముంది రా. మీ అమ్మ ఎండల పనిచేసింది నిజమే గదా. ఆమెకు ఏసీ వెయ్యకపోవుడు నా తప్పు. గా సప్పుడు ఇంటె నాకు నిద్ర పట్టది. డ్యూటీ ఎక్కినట్టె ఉంటది."

అంతే. నాకు క్షమాపణ చెప్పే చోటు కూడా ఇవ్వలేదు.

బుజ్జి వచ్చి తాత చెయ్యి లాగింది. తాత ఒక్కసారి కూడా జారుడు బల్ల ఎక్కలేదని దానికి కోపం. "నెక్స్ట్ టైం ఎక్కాలె. ప్రామిస్" అని చెయ్యి చాపింది. బాపు ఆ చిన్న చేతిలో తన ఉబ్బిన వేళ్లు పెట్టి, "ఎక్కుత తియ్యి. గీసారి నేను కూడా పైసలిచ్చి పోతున్న గదా" అన్నాడు.

మొన్న ఏప్రిల్‌లో ఊరికి పోయాను. వారంలో అంతర్జాలం లేకుండా గడిపే రెండు రోజులు నాకు మెండోరవే. రాత్రి అన్నాలయ్యాక బాపు దేవుడి పటం వెనక నుంచి రిమోట్ తీశాడు. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో అంకె చూసుకుంటూ 27 దగ్గర ఆపాడు. అమ్మ మంచం మీదకు పలచటి దుప్పటి విసిరాడు. దుబాయ్ నుంచి తెచ్చిన ఆ బరువు దుప్పటిని మాత్రం చంకలో పెట్టుకుని, తన మంచం వాకిట్లో వేసుకోవడానికి బయల్దేరాడు. గడప దగ్గర ఆగి నన్నడిగాడు.

"దీన్ల మైనస్ ఉండదు గదా?"

"ఉండదు బాపు. 16 దాకనే."

"మంచిది" అని తలుపు దగ్గరికి లాగి, చల్లటి గాలి బయటకు పోకుండా కింద సందులో గోనెసంచి మడిచి పెట్టాడు.